మావయ్య కారు దడ

అలవాటు ప్రకారం ముందు పోయినవి లెక్క పెడతాను. ఒక ఇనుప కడ్డీ మీద నుంచి సానపట్టించి తీయించిన ఇనుము. తూచలేదు గాని, గుప్పెడు కూడా ఉండదు. ఒక సైలెన్సరు. ఒక చలికాలంలోని ఆదివారాలన్నీ. భిలాయిలో రుఆబాంధా క్వార్టర్లో పక్కింటివాళ్ళతో మావాళ్ళకున్న స్నేహం. అది తర్వాత అతుక్కుంది కాబట్టి సగమే వేసుకోవాలి. మావయ్య కుడిచెవి పూర్తిగా, ఎడమచెవి ముప్పావు వంతు. ఇవి ఆ పందెం వల్ల పోయినవి కావు, అంతకు ముందే పోయాయి, కాని కథ వాటితోనే మొదలైంది కాబట్టి వదిలేస్తే కూడిక కుదరదు. పందెం జరిగిన మైదానం. కారు. చివరికి, రెండేళ్ళ కిందట, మావయ్య.

ఇదంతా మళ్ళీ ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన వారం అత్తని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ నెహ్రూనగర్ సిగ్నల్ దగ్గర ఆగాను. మా పక్కన ఒక ఎర్ర కారు వచ్చి నిలబడింది. లోపల మీసాలు అప్పుడే వస్తున్న కుర్రాడు. ఆ కారు నిలబడ్డచోట నిలబడలేకపోతోంది. దడ్... దడదడ్... దడ్... అంటూ, ఆగిపోతుందేమోనన్నట్టు ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంటోంది. ఎవరైనా వింటే ఇంజిన్ పాడైందనుకుంటారు. అత్త అంతవరకూ కంట్లో వేసే చుక్కల మందు మండుతుందని సణుగుతోంది. సణగడం ఆపి, అరచెయ్యి ముందున్న డాష్‌బోర్డు మీద ఆనించింది. "విన్నావేటిరా?" అంది. విన్నానన్నాను. "ఎన్ని డిగ్రీలుంటాది?" అని అడిగింది, పులుసులో ఉప్పు ఎంత వేశావని అడిగినంత మామూలుగా. "రెండు వందల తొంభై పైమాటే అత్తా" అన్నాను. డెబ్భై దాటిన ఒక విజయనగరం ఆడమనిషికి కారు ఇంజిన్ లోపలి డిగ్రీలతో ఏం పని అంటే, అదే చెప్పబోతున్నాను.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. నన్ను ఊరి నుంచి భిలాయి తెచ్చింది ఆయనే. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే, పక్క ఊరు దుర్గ్‌లో ఒక లారీల కాంట్రాక్టరు దగ్గర పెట్టించాడు. ఏ లారీ ఎంత డీజిల్ తాగింది, ఎంత తాగాలి, మధ్యలో ఎంత మాయమైంది అన్నది తేల్చడం నా పని. గేరు నిష్పత్తులు, టైరు చుట్టుకొలత, ఇంజిన్ తిరుగుళ్ళు, ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. డ్రైవర్లు చెప్పే అబద్ధాలు పట్టుకోవాల్సి వచ్చి నేర్చుకున్నాను. మావయ్య మాత్రం భిలాయి ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు మనిషి. ఎర్రగా కాలిన ఉక్కు రోలర్ల మధ్య నుంచి దూసుకొచ్చేటప్పుడు వచ్చే చప్పుడుని బట్టి ఏ బేరింగు అలిసిపోయిందో చెప్పేవాడట. ఆ చప్పుడే ఆయన చెవులు తినేసింది. తొంభైల మధ్యలో ఒక వైద్య పరీక్ష తర్వాత ఆయన్ని మిల్లు నుంచి తీసి స్టోర్లో కూర్చోబెట్టారు. జీతంలో తేడా లేదు, షిఫ్టులు లేవు, దుమ్ము లేదు. అందరూ అదృష్టవంతుడివన్నారు. ఆయనకి మాత్రం కుర్చీలో ముళ్ళున్నట్టుండేది. ఇంటికొస్తే పావుగంట ఒకచోట కూర్చునేవాడు కాదు. బాగున్న ఫ్యాను విప్పేవాడు. బాగున్న మిక్సీ విప్పేవాడు. అత్త పచ్చడి రుబ్బుకుందామని వస్తే మిక్సీ ముక్కలు ముక్కలుగా న్యూస్ పేపరు మీద పడుకుని ఉండేది. "మీకు విప్పడానికేటీ లేకపోతే నా బుర్ర విప్పండి" అనేది అత్త. ఆయనకి వినిపించేది కాదు. నవ్వేవాడు.

మిగిలిన ఒకే ఒక్క సుఖం కారు. గుండ్రటి దీపాల పాత కారు, నాలుగు సిలిండర్లది, ఆయన చేత్తో పదిసార్లు విప్పి బిగించినది. ఆ కారు మీదికే ముప్పు వచ్చింది. ఒక సాయంత్రం అత్తతో బజారుకెళ్ళి వస్తూ నాలుగురోడ్ల చౌక్ దగ్గర లేన్ మారబోయాడు. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అత్త అరిచింది. మావయ్య రెండూ వినలేదు. లారీ పక్క అద్దాన్ని గీరుకుంటూ పోయింది. ఇంటికొచ్చి అత్త మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, తీర్పు చెప్పింది: "బండి తోలే మనిషికి సెవులుండాల. ఇంక తాళం ఇటిచ్చీండి." మావయ్య ఇవ్వనన్నాడు. తనంత బాగా ఈ టౌన్‌షిప్పులో నడిపేవాడు ఎవడో చూపించమన్నాడు. అప్పటికి రాయపూర్ నుంచి కొందరు కార్ల పిచ్చివాళ్ళు వచ్చి, ఊరి అవతల మట్టి మైదానంలో పందెం పెడుతున్నారని చీటీలు పంచుతున్నారు. అత్త ఆ చీటీ అందుకుంది. "అలగైతే ఇందులో సిన్నకార్లలో మొదటి ముగ్గురిలో రండి. వస్తే నా నోరెత్తను. రాకపోతే తాళం నా సేతిలో ఎట్టండి." మొదటిసారి ఆయనకి సరిగ్గా వినపడలేదు. రెండోసారి ఎడమచెవి వైపు వెళ్ళి గట్టిగా చెప్పింది. దాంతో బ్లాకు బ్లాకంతా సాక్ష్యం అయింది.

పందేనికి ఇంజిన్ బలం పెంచాలనుకున్నాడు మావయ్య, కాబట్టి ఇక్కడ కామ్‌షాఫ్టు గురించి చెప్పకపోతే ముందుకు నడవదు. ఇంజిన్‌లో ఒక కడ్డీ ఉంటుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది ముద్దలు. కడ్డీ తిరిగినప్పుడు ముద్ద మొన తగిలి ఒక తలుపు తెరుచుకుంటుంది, మొన దాటాక మూసుకుంటుంది. పెట్రోలు కలిసిన గాలి లోపలికొచ్చే తలుపులు నాలుగు, పొగ బయటికి పోయే తలుపులు నాలుగు. తలుపు ఎంత ఎత్తు లేవాలి, ఎంతసేపు తెరుచుకుని ఉండాలి అన్నది ఆ గుడ్డు రూపు నిర్ణయిస్తుంది. ఎంతసేపు అన్నదాన్నే డిగ్రీల్లో చెప్తారు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే, ఇంజిన్ పరుగులో ఉన్నప్పుడు గుండెనిండా గాలి పీల్చుకుంటుంది, బలం వస్తుంది. కాని నిదానంగా ఉన్నప్పుడు రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుని, వచ్చిన గాలి వచ్చినట్టే వెనక్కి పోతుంది. ఒక చోట ఇచ్చింది ఇంకో చోట లాక్కుంటుంది. ఏ షాఫ్టూ రెండు చోట్లా ఇవ్వదు. అందుకే ఎంచుకోవడం అనేది ఉంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. కోయంబత్తూరులో ఇలా షాఫ్టు రూపు మార్చే పని చేసేవాళ్ళు కొత్త షాఫ్టు ఇవ్వరు. మన షాఫ్టే తీసుకుని, సానపట్టి, కొత్త రూపు తెస్తారు. తీసిన ఇనుము మళ్ళీ పెట్టలేరు. ఆ మోడలు షాఫ్టు ఇంకోటి దుర్గ్ పాతసామాన్ల బజారంతా గాలించినా దొరకలేదు. అంటే మాకు ఒకసారే అవకాశం.

వాళ్ళు మూడు రకాల రూపులకి మూడు కార్డులు పంపారు. మొదటిది రెండు వందల యాభై ఆరు డిగ్రీలు, సాధువు. రెండోది రెండు వందల డెబ్భై రెండు, మధ్యరకం. మూడోది రెండు వందల తొంభై రెండు. దాని కింద, నిమిషానికి మూడువేల ఎనిమిది వందల తిరుగుళ్ళు దాటాకే బలం మొదలవుతుందని రాసి ఉంది. మావయ్య ఆ మూడు కార్డులూ చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. స్టోర్లో తీసి చూసేవాడు. అన్నం తింటూ తీసి చూసేవాడు. మూడో కార్డు అంచులకి చింతపండు మరక అంటింది. రోజూ సాయంత్రం నేను దుర్గ్ నుంచి వచ్చి బస్సు దిగేసరికి గేటు దగ్గరే ఉండేవాడు. "ఏటల్లుడూ, తేలిందా?" తేలలేదనేవాణ్ణి. ఆయన గేటు తీసేవాడు, వేసేవాడు, మళ్ళీ తీసేవాడు. నేనూ తక్కువ తినలేదు. బస్సులో కిటికీ అద్దం మీద వేలితో నిష్పత్తులు రాసుకునేవాణ్ణి. లెక్క సగంలో ఉండగా స్టాపు దాటిపోయిన రోజులున్నాయి.

లెక్క కష్టమైంది కాదు. పందెం చీటీ వెనక దారి బొమ్మ గీసి ఉంది. ఒక చుట్టులో తొమ్మిది మలుపులు. ఒక్కొక్క కారే గడియారంతో పోటీపడి మూడు చుట్లు తిరగాలి. మలుపులో కారు ఎంత వేగానికి పడిపోతుందో తెలిస్తే, అప్పుడు ఇంజిన్ ఎన్ని తిరుగుళ్ళలో ఉంటుందో తెలుస్తుంది. అది తెలిస్తే ఏ షాఫ్టు మేలో తెలిసిపోతుంది. రెండో గేరులో ప్రతి వెయ్యి తిరుగుళ్ళకీ ఆ కారు సుమారు పదిన్నర కిలోమీటర్ల వేగం. ఇంతవరకూ అంకెలే. మలుపులో వేగం మాత్రం కొలవాలి. ఎక్కడ కొలుస్తాం? మా ఊళ్ళోనే కదా. ఆదివారం పొద్దున్నే బయల్దేరి టౌన్‌షిప్పు చౌకులన్నీ చుట్టేవాళ్ళం. బొమ్మలో మొదటి మలుపు సివిక్ సెంటర్ చౌక్‌లా ఉందని, నాలుగోది సెక్టార్ ఆరు దగ్గరిదానిలా ఉందని ఒక్కొక్కదానికీ మా చౌకుల పేర్లు పెట్టుకున్నాం. ఆయన తోలేవాడు, నేను వేగం ముల్లు చూసేవాణ్ణి. ఎంత తగ్గినా నలభై ఐదు కిందికి దిగలేదు. అంటే నాలుగువేల పైన తిరుగుళ్ళు. మధ్యరకం షాఫ్టూ, తొంభై రెండూ దాదాపు సమానంగా తేలాయి. వెంట్రుకవాసి తొంభై రెండే ముందుంది. నాకు మాత్రం మనసు నిలవలేదు. లెక్క ఇంత శుభ్రంగా వచ్చిందంటే ఎక్కడో ఏదో వదిలేశామని లారీలు నాకు నేర్పాయి. కాని ఏం వదిలేశామో తెలియలేదు.

సుపేలాలో మావయ్యకి తెలిసిన ఒక కార్ల మిస్త్రీ ఉండేవాడు. ఆ రెండు వందల తొంభై రెండు డిగ్రీల షాఫ్టు వేసిన కారు ఒకటి అతని షెడ్డుకి వచ్చిందని కబురు చేస్తే వెళ్ళాం. మిస్త్రీ స్టార్టు చేశాడు. కారు నిలబడి ఊగిపోతోంది. దడ్... దడదడ్... దడ్... "సోచ్ లో భయ్యా, ట్రాఫిక్ మే రులాయేగా" అన్నాడు మిస్త్రీ, ఏడిపిస్తుంది ఆలోచించుకో అని.  మావయ్య బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత రెండో చెయ్యి. కళ్ళు మూసుకున్నాడు. నెలల తరబడి ఒకచోట నిలవని మనిషి అలాగే నిలబడిపోయాడు. షెడ్డులో కుక్క వచ్చి ఆయన పాదాలు వాసన చూసి వెళ్ళిపోయింది, ఆయన కదల్లేదు. చివరికి నా వైపు తిరిగి, "ఇదేరా అల్లుడూ" అన్నాడు. బలం చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. లెక్క కూడా అటే మొగ్గింది కాబట్టి నేను అడ్డు చెప్పలేదు. మర్నాడే షాఫ్టుని అత్త పాత చీరలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, దుర్గ్ స్టేషన్లో పార్సిలు వేశాం.

అది తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. కారు పొట్ట విప్పి వరండా ముందు పడి ఉంది. మావయ్య పొద్దునొకసారి, సాయంత్రమొకసారి దాని మీద గుడ్డ తీసి చూసి మళ్ళీ కప్పేవాడు. అత్త ఊరికే ఉండక, "సూస్తే మొలకెత్తుతాదేటి?" అనేది. షాఫ్టు వచ్చింది. ముద్దల అడుగున ఇనుము తగ్గి, మొనలు మునుపటికన్నా వెడల్పుగా, భుజాలు పెరిగిన పిల్లల్లా ఉన్నాయి. కొత్త స్ప్రింగులు వేసి బిగించి స్టార్టు చేసేసరికి, వంటింట్లో స్టాండు మీది స్టీలు పళ్ళాలన్నీ ఒకేసారి మోగాయి. పక్క క్వార్టర్లో ఆయన నైట్ షిఫ్టు దిగి అప్పుడే కన్ను మూశాడు. లుంగీ మీదే బయటికొచ్చి, హిందీలోనూ తెలుగులోనూ తనకి తెలిసినవన్నీ అన్నాడు. మావయ్యకి వినపడక, మెచ్చుకుంటున్నాడనుకుని, లోపల కూర్చోమని తలుపు తీశాడు. ఆ తర్వాత మూడు నెలలు ఆ ఇంటి నుంచి మాకు కరివేపాకు రాలేదు.

పందెం రోజు చలి బాగానే ఉంది. మైదానం చుట్టూ తాడు కట్టారు. సున్నం గీతలు, మలుపుల దగ్గర పాత టైర్లు. అత్త శాలువా కప్పుకుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని తాడు పక్కనే కూర్చుంది. ఓడించడానికి వచ్చిన మనిషి పులిహోర ఎందుకు తెచ్చిందో నేను అడగలేదు. నేను మొదటి మలుపు దాకా నడిచి వెళ్ళాను. చూసి నిలబడిపోయాను. అది మలుపు కాదు. రెండు టైర్ల మధ్య నుంచి వెళ్ళి మూడో టైరు చుట్టూ వెనక్కి తిరగాలి. సైకిలు కూడా కాలు ఆనించి తిరగాల్సిన చోటు. రెండోదీ అంతే. తొమ్మిదీ అంతే. కాగితం మీద వంపు గీత కనపడగానే మాకు చౌక్ కనపడింది. గీతలు గీసి కట్టిన ఊళ్ళో, వెడల్పు రోడ్ల మీద, గేరు మార్చకుండా తిరిగే చౌకుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన మనుషులం. ఇంకోరకం మలుపు ఉంటుందన్నది మా ఇద్దరి బుర్రలోకీ రాలేదు. విశాఖ సందుల్లో తిరిగేవాడెవడూ ఈ పొరపాటు చెయ్యడు.

పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చి ఎడమచెవి దగ్గర అరిచి చెప్పాను: వేగం ఇరవైకి పడిపోతుంది, మొదటి గేరుకి దించినా మూడువేల తిరుగుళ్ళే, షాఫ్టు పలకదు. మావయ్య విని, ఒకసారి మైదానం చూసి, "నీ లెక్క తప్పు కాదల్లుడూ. మన ఊరే మరీ తిన్నగా ఉంది" అన్నాడు. అని బయల్దేరాడు. తిన్నగా ఉన్న ముక్కల్లో ఆ కారు అరిచిన అరుపు, ఆ పరుగు ఇప్పటికీ చెప్పుకోవచ్చు. కాని ప్రతి మలుపు దగ్గరా మెడ వాల్చేసింది. ఆగిపోతుందేమో అన్నంతగా దగ్గేది, ఊగేది, మావయ్య క్లచ్చు తొక్కి దాన్ని బతిమాలి మళ్ళీ లేపేవాడు. ఒక్కసారీ ఆగనివ్వలేదు. వింటూ తోలేవాళ్ళు కూడా అలాంటి షాఫ్టుతో అక్కడ నాలుగుసార్లు ఆపేసేవాళ్ళు. రెండో చుట్టులో టైరుకి తగిలి సైలెన్సరు ఊడిపోయింది. అది లేకుండానే ముగించాడు. చిన్న కార్లలో నాలుగో స్థానం. మూడోవాడికీ ఆయనకీ తేడా ఒక సెకను, పైన పదోవంతులు మూడు.

మావయ్య కారు దిగి, చేతులు తుడుచుకుని, తిన్నగా తాడు దగ్గరికి వచ్చి తాళం అత్త చేతిలో పెట్టాడు.  ముఖంలో ఏమీ లేదు, అదే చూడలేకపోయాను. కుర్చీలో కూర్చోబెట్టిన రోజు ముఖం అది. అత్త తాళం అటూ ఇటూ తిప్పింది. నన్నడిగింది, "ఎంతలో పోయింది?" చెప్పాను. "సెకను, పై సిల్లరేనా?" అంది. కాసేపు మైదానం వైపు చూసింది. ఇంకో కారు ఏదో తిరుగుతోంది. తర్వాత లేచి, ఆయన ఎడమ వైపుకి వెళ్ళి, బ్లాకుకి వినపడేట్టు చెప్పిన గొంతుతోనే చెప్పింది: "బాకీ ఉంచుకోండి. తీర్చినదాకా బండి ఉంటాది. తోలేది మీరే. పక్కన నాను కూకుంటాను, సెవులు నావి." తాళం ఆయన జేబులో తనే వేసి, పులిహోర డబ్బా మూత తీసింది.

అప్పటి నుంచి వాళ్ళకొక పద్ధతి వచ్చింది. అత్త ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చునేది. వెనక హారన్ వినపడితే ఒకసారి తట్టేది. పక్క నుంచి ఎవరైనా దూసుకొస్తుంటే రెండుసార్లు. ఆపెయ్యమంటే గిల్లేది. ఈ గిల్లుడుకి హారన్‌తో సంబంధం లేని సందర్భాలు కూడా ఉండేవని మావయ్య ఫిర్యాదు చేసేవాడు. ఏడాది తర్వాత మిస్త్రీ ఎక్కడో పాత షాఫ్టు ఒకటి సంపాదించి, అత్తతో, అమ్మా, ఇది వేసేస్తే మెత్తగా నడుస్తుంది, పళ్ళాలు మోగవు అన్నాడు. నేను సంతోషించాను. మనసులో అప్పటికే లెక్క వేసేశాను కూడా. ఆ మైదానంలో సానపట్టని షాఫ్టుతో వెళ్ళి ఉంటే మూడోవాడు మాకు దరిదాపుల్లో ఉండేవాడు కాదు. అత్త వద్దంది. "సిగ్నల్ కాడ మెత్తటి బండి నడుస్తందో ఆగిపోయిందో మీ మావకి తెలీదురా. మిల్లు పోయినకాడి నుంచి ఆయనకి అన్నీ ఆగిపోయినట్టే ఉండీవి. ఈ దడ సేతికి తెలుస్తాది." మిస్త్రీ షెడ్డులో బానెట్ మీద ఆనించిన ఆ రెండు చేతులూ అప్పుడు నాకు అర్థమయ్యాయి. నేను వేసిన మూడు కార్డుల లెక్కలో ఆ గడి లేదు.

ఆ మైదానంలో పందెం మళ్ళీ పెట్టలేదు. వస్తారు వస్తారని మావయ్య ప్రతి చలికాలం టైర్లలో గాలి చూసుకునేవాడు. తర్వాత అక్కడ ఇళ్ళు లేచాయి. రిటైరై, క్వార్టరు వదిలి రిసాలికి మారాక కారుని తుప్పు తినేసింది. ఇనుము కొనేవాడు తీసుకెళ్ళే ముందు షాఫ్టు మాత్రం విప్పించి ఉంచుకున్నాడు. ఇప్పుడది అత్త గదిలో తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంటుంది. నేను వెళ్ళినప్పుడల్లా, వద్దనుకుంటూనే, వంగి ఆ ముద్దల మీద వేలు పెడతాను. ఇంటికి తిరిగొచ్చే దారంతా లెక్క మళ్ళీ మొదటి నుంచి వేస్తాను.

నెహ్రూనగర్ సిగ్నల్ దగ్గరా అదే పనిలో ఉన్నాను కాబోలు. ఎర్ర కారు ఎప్పుడు వెళ్ళిపోయిందో చూడలేదు. అత్త నా మోకాలి మీద ఒకసారి తట్టింది. ఉలిక్కిపడి చూస్తే దీపం పచ్చగా ఉంది, వెనక హారన్లు మోగుతున్నాయి. నా రెండు చెవులూ బాగానే పనిచేస్తున్నాయి, కాని వాటిని నేను వినలేదు. గేరు వేశాను. "మనం ఇంకా ఎంత ఇయ్యాలిరా?" అని అడిగింది అత్త, రోడ్డు వైపే చూస్తూ. కాలం గడిస్తే బాకీలు పాతబడి రద్దవుతాయంటారు. నేను చూసినంతలో తీర్చాల్సినవాళ్ళూ, తీర్చాల్సిన చోటూ పోతాయి గాని అంకె అలాగే ఉంటుంది. ఒక సెకను, పైన పదోవంతులు మూడు.